పప్పులో కాలేస్తే ఏమవుతుంది?

పెళ్లిలో పరిచయమైన పెద్దాయన పక్కన కూర్చున్నావిడను చూసి 'మీ అమ్మాయా అండీ?' అని అడిగేస్తారొకరు. ఆవిడ ఆయన భార్య! ఊరికి కొత్తగా వచ్చిన ఆఫీసరు ముందు కూర్చుని ఫలానా కాంట్రాక్టరును తిట్టిపోస్తారింకొకరు. ఆ కాంట్రాక్టరు ఆఫీసరుగారి సొంత బావమరిది! గృహప్రవేశానికని గోడగడియారం పట్టుకెళ్లి, ఒక వీధి ముందే ఆగిపోయి, ఇంకెవరింట్లోనో జరిగే వ్రతంలో కూర్చుని శుభ్రంగా ప్రసాదం తిని వస్తారు మరొకరు.

సంగతి బయటపడ్డాక చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వుతారు. నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా, గురజాలలోనైనా ఆ నవ్వు వెనకాలే వచ్చే మాట ఒక్కటే.

'ఏంది బావా... పప్పులో కాలేశావే!'

ఎప్పుడైనా ఆలోచించారా? ఇంటినిండా ఇన్ని వస్తువులుండగా, వంటింటినిండా ఇన్ని గిన్నెలుండగా మన కాలు పోయి పోయి పప్పులోనే ఎందుకు పడాలి? సాంబారులో ఎందుకు పడకూడదు? పెరుగులో ఎందుకు పడకూడదు? అసలు తినే పప్పు దగ్గరికి నడిచే కాలు ఎలా వచ్చింది?

కింద కూర్చుని తిన్న రోజులు

ఈ మాటకు జన్మపత్రం వెతుక్కోనక్కర్లేదు. దాని పుట్టిల్లు ఎలా ఉంటుందో ఆ మాటలోనే కనిపిస్తుంది. బల్లలూ కుర్చీలూ వేసి భోజనాలు పెట్టేచోట ఇలాంటి మాట పుట్టదు. పప్పు నేలమీద ఉంటేనే కదా అందులో కాలు పడేది!

తాటాకు పందిరి, కింద చాపలు, ఎదురెదురుగా రెండు వరసల విస్తళ్లు... యాభై ఏళ్లు దాటినవాళ్లకు ఈ దృశ్యం చెప్పనక్కర్లేదు. ఆ రెండు వరసల మధ్యన ఉండే సన్నటి దారే వడ్డించేవాళ్లకు రహదారి. ఒకచేత్తో పప్పు బకెట్టు, ఇంకోచేత్తో గరిటె. వెనకనుంచి నెయ్యి గిన్నె తోసుకొస్తుంటుంది. ఎదురుగా కూర వస్తుంటుంది. 'బాబాయ్, ఇటు ఇంకొంచెం' అని ఆ మూలనుంచి కేక. అటు తలతిప్పి ఒక్క అడుగు పక్కకు వేశారో, అయిపోయింది! కాలు ఎవరి విస్తట్లోనో ఉంటుంది. విస్తట్లో మొదట పడేదీ, నడిమధ్యలో ముద్దగా కూర్చునేదీ పప్పే కాబట్టి కాలికి ముందుగా తగిలేదీ అదే.

ఇందులో ఇంకో తమాషా ఉంది. నీళ్లలో కాలేస్తే ఆరిపోతుంది. మజ్జిగలో వేస్తే తుడుచుకుపోవచ్చు. పప్పులో వేస్తే మాత్రం దాచుకోవడం కష్టం. పచ్చటి పప్పు పాదానికి అంటుకుంటుంది. ఏమీ ఎరగనట్టు నడిచిపోదామంటే అడుగడుక్కీ నేలమీద ముద్ర పడుతుంది. ఎవరు వేశారో, ఎటు వెళ్లారో ఊరందరికీ తెలిసిపోతుంది. నలుగురి ముందు జరగడం, దాచలేకపోవడం... నవ్వు తెప్పించే పొరపాటుకు ఉండాల్సిన రెండు లక్షణాలూ ఆ ఒక్క బొమ్మలో ఉన్నాయి.

దానికితోడు చెవికింపైన ప్రాస ఒకటి. 'తప్పు' అనబోయిన నోరు 'పప్పు' అంటుంది. అవతలివాణ్ని తప్పుపట్టకుండానే తప్పును పట్టిచూపించే ఉపాయమిది. 'నువ్వు తప్పు చేశావ్' అంటే మనిషికి కోపం వస్తుంది. 'పప్పులో కాలేశావ్' అంటే అతనూ నవ్వేస్తాడు.

చాపకూడు నేల

పల్నాడులో బంతిభోజనం ఉత్త భోజనం కాదు, అదొక చరిత్ర. 12వ శతాబ్దపు పల్నాటి వీరుల కథలో బ్రహ్మనాయుడి పేరు చెప్పగానే గుర్తొచ్చేది చాపకూడు. అన్ని కులాలవాళ్లూ ఒకే చాపమీద పక్కపక్కన కూర్చుని తినడం. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యనుంచి అయిదురోజులపాటు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు పేర్లతో జరిగే వీరారాధన ఉత్సవాల్లో ఆ చాపకూడును ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. శివరాత్రికి కోటప్పకొండ వెళ్లినవాళ్లకు ప్రభలు ఎలా గుర్తుంటాయో, సత్రాల్లో వరసగా కూర్చోబెట్టి పెట్టే భోజనాలూ అలాగే గుర్తుంటాయి.

'బంతి' అన్న మాట 'పంక్తి'నుంచే వచ్చింది. వరస అని అర్థం. ఆ వరసలోంచి తెలుగువాళ్లు ఎన్ని మాటలు పుట్టించుకున్నారో చూడండి. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చేస్తే 'బంతిలో వలపక్షం' అంటాం. సిఫార్సులతో పనులయ్యేచోట 'వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే' అంటాం. న్యాయం గురించిన మాటా, పలుకుబడి గురించిన మాటా, పొరపాటు గురించిన మాటా... మూడూ ఆ విస్తళ్ల దగ్గరే పుట్టాయి. పక్కపక్కన కూర్చుని తినేచోట మనుషుల గుణాలన్నీ బయటపడతాయి మరి!

ఇప్పుడు బఫేలు వచ్చాయి. పళ్లెం చేతిలోకి ఎక్కింది. కాలికీ పప్పుకూ మధ్య నాలుగడుగుల ఎడం ఏర్పడింది. ఇప్పుడు పప్పు పడితే చొక్కామీద పడాలి! అయినా మాట మాత్రం మారలేదు. కింద కూర్చుని ఒక్కపూటైనా తినని కుర్రాళ్లు కూడా పరీక్ష రాసి బయటికొచ్చి 'మూడో ప్రశ్నలో పప్పులో కాలేశాన్రా' అనే అంటున్నారు. అలవాటు పోయినా మాట బతికి ఉండటమంటే ఇదే.

పప్పు చుట్టాలు

మన భాషలో పప్పుకున్నంత బంధుబలగం ఇంకే వంటకానికీ లేదేమో! పెళ్లీడుకొచ్చినవాళ్లను 'పప్పన్నం ఎప్పుడు పెడతావ్?' అని అడుగుతాం. పప్పంటే అక్కడ పెళ్లి. 'నీ పప్పులు ఇక్కడ ఉడకవు' అంటాం. పప్పులంటే అక్కడ ఎత్తుగడలు. సొమ్మును లెక్కాపత్రం లేకుండా పంచేస్తే 'పప్పుబెల్లాల్లా పంచాడు' అంటాం. చురుకు లేనివాణ్ని 'ముద్దపప్పు' అనీ, 'పప్పుసుద్ద' అనీ పిలుస్తాం. సంపాదనకు మించి ఖర్చుపెట్టేవాళ్ల గురించి చెప్పే 'అప్పు చేసి పప్పుకూడు' సామెత ఏకంగా సినిమా పేరే అయింది. ఎల్వీ ప్రసాద్ దర్శకత్వంలో 1959లో వచ్చిందా సినిమా.

పెళ్లినుంచి అప్పుదాకా అన్నింటికీ పప్పే సాక్షి. అలాంటప్పుడు పొరపాటుకు మాత్రం ఎందుకు కాకూడదు?

కాలితో చేసే తప్పులు

కాస్త గమనిస్తే ఇంకో విషయం తెలుస్తుంది. మన తప్పులు ఎక్కువగా కాళ్లతోనే జరుగుతాయి! కాలు జారుతుంది. దారి తప్పుతుంది. అడుగు తడబడుతుంది. గోతిలో పడతాం. బొక్కబోర్లా పడతాం. అయితే అన్నీ ఒకటి కావు. వాటి మధ్య తేడాను తెలుగు ఎంత జాగ్రత్తగా పాటించిందో చూడండి.

గోతిలో పడితే అందులో మన తప్పు కొంతే. తవ్వినవాడు వేరే ఉంటాడు. తెలిసి తెలిసి చెడ్డపని చేసినవాణ్ని చూసి 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల' అంటాం. బురద ఎదురుగా కనిపిస్తూనే ఉంది, తొక్కకుండా పోవచ్చు, అయినా తొక్కాడు. దారి తప్పాడంటే అది నడవడికకు సంబంధించిన మాట. ఇక నోరు జారడమైతే మరీ ప్రమాదం. 'కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం' అని పెద్దలు ఊరికే అనలేదు.

వీటన్నిటిలో పప్పులో కాలు ఒక్కటే నిర్దోషి. అక్కడ గొయ్యి తవ్వినవాడు లేడు. చెడు ఉద్దేశం లేదు. ఉన్నదల్లా తొందర, ఏమరుపాటు. అందుకే మోసం చేసినవాణ్నీ, లంచం తిన్నవాణ్నీ పప్పులో కాలేశాడని ఎవరూ అనరు. అంటే ఆ మాటకు అవమానం!

'పాటు' వేరు, 'పాలు' వేరు

ఏమరుపాటు అన్నాం కదా, ఆ చివరనున్న 'పాటు'ను కాస్త పట్టుకోండి. పొరపాటు, తొట్రుపాటు, తడబాటు, గ్రహపాటు... ఇవన్నీ ఒకే ఇంటి పిల్లలు. 'పడు' అనే క్రియనుంచి వచ్చిన నామవాచకమే 'పాటు'. పొరపడితే పొరపాటు, తొట్రుపడితే తొట్రుపాటు, తడబడితే తడబాటు. అలవడితే అలవాటు. అంటే తెలుగువాడి లెక్కలో పొరపాటు చేయడమంటే పడటమే. పడినవాడు ఏం చేస్తాడు? లేస్తాడు, దులుపుకుంటాడు, నడుస్తాడు. మొదటిసారైతే పొరపాటు, మళ్లీమళ్లీ చేస్తే అలవాటు, చివరికి గ్రహపాటు అని సరదాగా అంటుంటారు. మూడింటి తోకా ఒకటే, మనం ఎక్కడ లేచి నిలబడ్డామన్నదే తేడా.

దీనికి పక్కింట్లోనే ఉంటుంది 'పాలు'. నవ్వులపాలు, అల్లరిపాలు, అప్పులపాలు. ఇక్కడ పాలంటే వాటా. నవ్వులపాలయ్యాడంటే ఆ మనిషి ఇక తన చేతిలో లేడు, జనం నవ్వుకు వాటాగా పోయాడు. పొరపాటు మనం చేసేది. నవ్వులపాలు చేసేది చుట్టూ ఉన్నవాళ్లు. 'పాటు'నుంచి 'పాలు'దాకా వెళ్లకుండా ఆపగలిగిందీ వాళ్లే. పప్పులో కాలు పడ్డప్పుడు జరిగేది 'పాటు'. ఆ తరవాత పదేళ్లపాటు ఆ మనిషి కనపడినప్పుడల్లా పదిమందిలో గుర్తుచేసి నవ్వడం మాత్రం 'పాలు' చేయడమే.

ఊరికో కాలు, దేశానికో జారుడు

ప్రపంచమంతా ఇంతే. ఫ్రెంచివాళ్లు నలుగురిలో చేసే మర్యాద తప్పిన పనిని 'ఫో పా' అంటారు. అక్షరాలా 'తప్పటడుగు' అని అర్థం. పప్పు లేదు గానీ కాలు మాత్రం అక్కడా ఉంది! ఇంగ్లిషువాళ్లు నవ్వొచ్చే తప్పును 'హౌలర్' అంటారు, ఊళపెట్టేంత పెద్ద తప్పన్నమాట. అమెరికాలో 'బ్లూపర్' పుట్టింది. 1920లలో కొన్ని రేడియో సెట్లు 'బ్లూప్' మని చప్పుడు చేస్తూ ఇరుగుపొరుగు రేడియోలను చెడగొట్టేవి. వాటిని బ్లూపర్లు అనేవాళ్లు. తరవాత రేడియోల్లో, టీవీల్లో అనౌన్సర్లు చేసే తప్పులకు ఆ పేరు స్థిరపడింది. 1950లలో కెర్మిట్ షాఫర్ అనే ఆయన అలాంటి తప్పులన్నీ ఏరి రికార్డులుగా తెచ్చాడు. సినిమా అయిపోయాక తెరమీద పేర్లు పడుతుంటే చూపించే నవ్వుల తునకలు ఆ సంప్రదాయంలోవే.

ఇక ఆక్స్‌ఫర్డ్‌లో విలియం ఆర్చిబాల్డ్ స్పూనర్ అనే పెద్దాయన ఉండేవాడు. 1844లో పుట్టి 1930లో పోయాడు. న్యూ కాలేజీకి అధిపతి. రెండు మాటల మొదటి అక్షరాలను అటూఇటూ మార్చి పలుకుతాడని పేరుపడింది. అలాంటి తప్పులకు 'స్పూనరిజం' అని ఆయన పేరే పెట్టారు. చిత్రమేమిటంటే ఆయన అన్నాడని చెప్పుకునేవాటిలో ఎక్కువభాగం ఆయన అననే లేదు, కుర్రాళ్లు కల్పించి అంటగట్టినవి! ఒక మనిషి ఒకసారి పప్పులో కాలేస్తే, ఊళ్లో ఉన్న విస్తళ్లన్నీ ఆయనే తొక్కాడనడం అన్ని దేశాల్లోనూ ఉన్నదేనన్నమాట.

అచ్చులో రాక్షసుడు

స్పూనరిజాలకు మనమేం తీసిపోలేదు. అచ్చుతప్పును మనవాళ్లు సరదాగా ఏమంటారు? 'అప్పుతచ్చు'! చెప్పే మాటే తప్పును చేసి చూపిస్తుంది. ఇంతకన్నా పొదుపైన హాస్యం ఇంకేముంటుంది?

దీనికే ఇంకో గంభీరమైన పేరుంది, 'ముద్రారాక్షసం'. ఇది నిజానికి విశాఖదత్తుడు సంస్కృతంలో రాసిన నాటకం పేరు. అందులో రాక్షసుడంటే కోరలున్నవాడు కాదు, నందుల మంత్రి. ముద్ర అంటే అతని ఉంగరం. ఆ ముద్రికను ఆధారం చేసుకుని చాణక్యుడు ఎత్తులు వేసి, ఆ మంత్రిని చంద్రగుప్తుడి వైపు తిప్పుకోవడం కథ. ముద్రణ వచ్చాక 'ముద్ర'కు అచ్చు అన్న అర్థం తోడైంది. ఇంకేముంది, అక్షరాలను తినేసే రాక్షసుడొకడు అచ్చుయంత్రంలో తయారయ్యాడు. పాపం, నమ్మకానికి మారుపేరైన మంత్రిగారికి మనం వేసిన శిక్ష ఇది!

సీసం అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, అద్దంలో బొమ్మలా తిరగేసి పేర్చిన రోజుల్లో ఆ రాక్షసుడికి పండగే. తెలుగులో ఒక్క గీత చాలు, కొంప మునగడానికి. 'మహాకవి'లో వకారం పకారమైతే 'మహాకపి' అవుతాడు. కంప్యూటర్లు వచ్చాక సీసం పోయింది గానీ రాక్షసుడు పోలేదు. 'అర్థం' అంటే భావం, 'అర్ధం' అంటే సగం. ఒక్క పొట్టలో చుక్క తేడా. 'నాకు అర్ధం కాలేదు' అని రాసేవాళ్లు ఎంతమందో! సగం కాలేదంటే మిగతా సగం అయినట్టేనా?

సెల్‌ఫోన్లు వచ్చాక ఆ రాక్షసుడు ఇంటింటికీ వచ్చాడు. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొడితే కళ్లూ, కల్లూ ఒక్కలాగే ఉంటాయి. 'తాతయ్యకు కళ్లు చూపించడానికి నరసరావుపేట తీసుకెళుతున్నా' అని అమ్మ పంపితే, హాస్టల్లో ఉన్న అబ్బాయి 'తాతయ్యకు కల్లా?' అని ఉలిక్కిపడాల్సిందే.

పాత తెలుగు పుస్తకాల చివరి పేజీల్లో ఈ రాక్షసుడికి ఒక విరుగుడు ఉండేది. 'తప్పొప్పుల పట్టిక' అని పెట్టేవారు. ఒక గడిలో తప్పు, పక్క గడిలో ఒప్పు. గమనించండి, అది తప్పుల పట్టిక కాదు. తప్పును చూపించి వదిలేయకుండా పక్కనే ఒప్పును కూడా పెట్టినవాళ్లే ఆ పట్టిక వేశారు.

నవ్వులేనిచోట

పల్నాడులో ఈ మాట గురించి ఆలోచించేటప్పుడు ఇంకో సంగతి మనసులో మెదులుతుంది. ఈ నేలకు పౌరుషాల గడ్డ అని పేరు. ఇక్కడ అందరూ చెప్పుకునే కథ కోడిపందెంతో మలుపు తిరుగుతుంది. అటు గురజాల, ఇటు మాచర్ల. అటు నలగామరాజు పక్షాన నాగమ్మ, ఇటు మలిదేవాదుల పక్షాన బ్రహ్మనాయుడు. పందెంలో ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలి. ఓడారు, వెళ్లారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారం వెళ్లిన అలరాజు తిరిగి రాలేదు. చివరికి కారంపూడిలో యుద్ధం. అన్నదమ్ముల బిడ్డలు, మేటి వీరులు ఎందరో నేలకొరిగారు.

ఆ కథలో తప్పులు చాలానే ఉన్నాయి. రెండువైపులా ఉన్నాయి. లేనిదల్లా ఒక్కటే, 'పోనీ, పొరపాటైంది' అనేవాళ్లు. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందనుకునేచోట ప్రతి పొరపాటూ పందెమైపోతుంది. యుద్ధభూమికి కూతవేటు దూరంలో చాపమీద అందరూ కలిసి కూర్చుని తింటూ, కాలుజారినవాణ్ని చూసి నవ్వుకునే మాట కూడా ఈ గడ్డమీదే బతికి ఉండటం చిన్న విషయమేం కాదు. నవ్వగలిగినచోట కత్తితో పనిలేదు.

ఎవరిది తప్పు?

ఇళ్లలోకీ బళ్లలోకీ వస్తే ఈ సంగతి ఇంకా దగ్గరగా తగులుతుంది. దుర్గి నుంచో, వెల్దుర్తి నుంచో తెలుగు మీడియంలో చదివి పట్నం కాలేజీకి వెళ్లిన పిల్ల, క్లాసులో లేచి ఇంగ్లిషులో ఒక మాట తప్పు పలుకుతుంది. క్లాసంతా నవ్వుతుంది. నవ్వు ఆ నిమిషంతో ఆగిపోతే పప్పులో కాలు. మర్నాడు కూడా ఆ మాటతోనే ఆ పిల్లను పిలిస్తే నవ్వులపాలు. ఆ పిల్ల ఇంక ఆ ఏడాదంతా క్లాసులో లేవదు. తప్పు పలకడం వల్ల పోయిందేమీ లేదు, పలకడం మానేయడం వల్ల పోయేదే చాలా ఉంది.

'ఏంది', 'ఎట్టా', 'అట్టాగే' అన్నందుకు నవ్వేవాళ్లూ ఉన్నారు. అది అసలు పొరపాటే కాదు, యాస. ఈ విషయంలో మన భాష చరిత్రే పెద్ద పాఠం. మనం మాట్లాడుకునే తెలుగులో పుస్తకం రాయడం తప్పనీ, గ్రామ్యమనీ పండితులు అనుకున్న రోజులున్నాయి. గిడుగు రామమూర్తి పంతులు (1863 - 1940) జీవితమంతా దానికి ఎదురుపోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన గెలవబట్టే ఈ వ్యాసం మీకిలా మాట్లాడుతున్నట్టు ఉంది. ఆనాటి లెక్కలో చూస్తే ఈ పేజీ మొదటినుంచి చివరిదాకా తప్పే!

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. తమిళంలో 'ఇరండు' మనకు 'రెండు'. వాళ్ల 'ఉరల్' మన 'రోలు'. వాళ్ల 'అవర్' మన 'వారు'. మొదట్లో ఉండాల్సిన అచ్చు తెలుగులో లోపలికి జరిగి, హల్లు ముందుకొచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషాశాస్త్రవేత్తలు దీన్ని వివరంగా చూపించారు. అక్షరాలు అటూఇటూ కావడమంటే మనకు అప్పుతచ్చే గుర్తొస్తుంది గానీ, అలాంటి తారుమారులోంచే మనం రోజూ వాడే మాటలు తయారయ్యాయి. మొదటిసారి 'రెండు' అన్న నోటిని చూసి పక్కవాళ్లు నవ్వే ఉంటారు. ఇప్పుడు దాన్ని సరిచేయమనేవాళ్లెవరు?

అసలు 'తప్పటడుగు' అన్న మాటనే చూడండి. పెద్దవాళ్లు చేస్తే అది పొరపాటు. అదే ఏడాది నిండుతున్న పసివాడు వేస్తే? చప్పట్లు కొడతాం, అమ్మమ్మకు ఫోన్ చేసి చెబుతాం, కొన్నిచోట్ల ఆ అడుగుకు అరిసెలు కూడా పంచుతాం. రెండింటికీ తెలుగులో ఒకటే మాట. తప్పటడుగు వేయకుండా నడక నేర్చినవాడు లేడని ఆ మాట పుట్టించినవాళ్లకు బాగా తెలుసు.

కాబట్టి ఈసారి మీ ఎదురుగా ఎవరైనా పప్పులో కాలేస్తే నవ్వండి, తప్పులేదు. అందుకోసమే ఆ మాట పుట్టింది. కాకపోతే నవ్వుతూనే ఒక చెంబెడు నీళ్లు అందించండి. ముందు కాలు కడుక్కోనివ్వండి. బంతి ఇంకా సగంలోనే ఉంది. వడ్డించాల్సిన విస్తళ్లు చాలా ఉన్నాయి.